డైరెక్ట్ ఇచ్చిన చెయ్యి

కొవ్వూరు,
జూన్ 9.

మేనకోడలు వీరదుర్గకి మావయ్య త్రిమూర్తులు రాస్తున్నది.

నీ ఫోనుకి చేసి చేసి నా వేలు అరిగింది. మీ అమ్మకి చేస్తే "అది ఒడ్డుకెళ్లింది అన్నయ్యా" అంటుంది. పొద్దున చేసినా ఒడ్డే, సాయంత్రం చేసినా ఒడ్డే. ఉప్పాడ ఒడ్డు ఏడాదికింత సముద్రంలో కలిసిపోతుంటే నువ్వొక్కదానివే పట్టుకుని ఆపుతున్నావేమో అనుకున్నాను. చివరికి పోస్టాఫీసుకి పోయి కవరు కొనుక్కున్నాను. కౌంటర్లో ఉన్నాయన నన్ను ఎగాదిగా చూశాడు.

మీ అత్త అచ్చాయమ్మ కులాసాగానే ఉంది. నువ్వు వెళ్లిన దగ్గర్నుంచి నాతో మాట్లాడటం తగ్గించింది. కంచంలో అన్నం పెట్టి అవతలికి పోతుంది. షెడ్డులో నీ మీటరు, సోల్డరింగు సామాను నువ్వు పెట్టినచోటే ఉన్నాయి. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

ఇక అసలు సంగతి. కడియం నర్సరీ బంగార్రాజు గారి కారు మళ్లీ వచ్చింది. అదే కారు, మే నెలలో గోదావరి వంతెన మధ్యలో ఆగిపోతే వెనకనుంచి మొక్కల వ్యాను గుద్ది, వాళ్లావిడ సూర్యకళ గారి మణికట్టు విరిగిన కారు. చల్లగా ఉన్నంతసేపు పెళ్లికొడుకులా నడుస్తుంది. అరగంట తిరిగి వేడెక్కాక, స్లో చేసిన చోటల్లా వణికి ఆగిపోతుంది. స్కానర్ పెడితే పాత కోడే చూపిస్తుంది, ఆ వీవీటీ సొలినాయిడ్ వాల్వు సర్క్యూట్ అని. వాల్వు మార్చాను. అది నకిలీదేమోనని ఇంకోటి తెప్పించి మళ్లీ మార్చాను. ఏమీ తేడా లేదు. బంగార్రాజు గారు ఇన్నాళ్లూ ఊరుకున్నాడు. ఇప్పుడు "ఆ పిల్లని పంపించేశారు కదండి, ఇంకా ఏంటండీ ఇది" అంటున్నాడు.

నీకేమైనా తడితే రాయి. పెద్దవాణ్ణి, నేనుగా అడుగుతున్నాను. జరిగిందేదో జరిగింది. దాన్ని పట్టుకుని ఊళ్లో వాళ్ల ముందు మాట్లాడుకుంటే మనకే నష్టం. కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది.

మీ మావయ్య


ఉప్పాడ,
జూన్ 20.

మావయ్యగారికి,

ఫోనులో మాట్లాడను. ఫోనులో మీరు నన్ను సగంలో ఆపేస్తారు, రెండు రోజులు పోయాక "నేనలా అనలేదే" అంటారు. కాగితం మీద రాసింది రాసినట్టే ఉంటుంది. ఇకమీదట మీరు ఏం చెప్పాలన్నా రాయండి.

జరిగిందేదో జరిగింది అన్నారు. ఏం జరిగిందో మీరు రాయలేదు కాబట్టి నేను రాస్తాను. ఏప్రిల్లో ఆ కారు మొదటిసారి వచ్చినప్పుడు, వాల్వు నుంచి ఇంజను కంప్యూటరుకి పోయే వైరు ఒక బ్రాకెట్‌కి ఒరుసుకుని, పై తొడుగు పోయి, బాడీకి తగులుతోందని పట్టుకున్నది నేను. చెడిన ముక్క కోసేసి, కొత్త వైరు సోల్డర్ చేసి, స్లీవ్ తొడిగి, బ్రాకెట్‌కి జానెడు దూరంలో కట్టాను. మేలో అది వంతెన మీద ఆగింది. బంగార్రాజు గారు షెడ్డుకొచ్చి కేకలేస్తుంటే మీరు బానెట్టు కూడా ఎత్తకుండా, పదిమందిలో "వైరింగ్ చేసింది ఇదేనండి" అని నన్ను చూపించారు. "ఆడపిల్ల చేతికి కారిస్తే ఇంతే" అని వెనక ఎవరో అన్నారు. మీరు కాదనలేదు. "రేపట్నుంచి రాకు" అన్నారు. వారం తిరక్కుండా మెకానిక్ల సంఘం ప్రెసిడెంటు చిట్టియ్య గారు, అటు రాజమండ్రిలో గానీ ఇటు కొవ్వూరులో గానీ ఏ షెడ్డువాళ్లూ నన్ను పనిలో పెట్టుకోకూడదని కాగితం తిప్పారు. ఆ సంఘానికి మీరు గౌరవాధ్యక్షులు.

డిప్లొమా చదివి ఆరేళ్లు మీ దగ్గర పని చేసిన దాన్ని, ఇప్పుడు పడవ ఇంజన్ల సెల్ఫ్ మోటార్లు బాగుచేస్తున్నాను. ఆడది పడవెక్కకూడదని మనవాళ్ల పట్టింపు మీకు తెలిసిందే. ఇంజను విప్పి మోసుకొచ్చి ఇసుకలో పెడతారు. నేను ఎండలో కూర్చుని చేస్తాను. అమ్మ అబద్ధం చెప్పలేదు, నిజంగానే ఒడ్డునే ఉంటున్నాను.

కారు చేసిన పాపం ఏమీ లేదు కాబట్టి చెబుతున్నాను. వాల్వులు మార్చడం ఆపండి. వాల్వుకి వచ్చే రెండు వైర్లలో మొదటిదాంట్లో ఎప్పుడూ పన్నెండు వోల్టులు ఉంటాయి. రెండోది కంప్యూటరుకి పోతుంది. కంప్యూటరు ఆ రెండో వైరుని చకచకా ఎర్త్ చేస్తూ వదులుతూ వాల్వుని ఆడిస్తుంది. దాన్నిబట్టి ఆయిలు ప్రెషర్ మారి, ఇంజను వాల్వులు తెరుచుకునే సమయం ముందుకో వెనక్కో జరుగుతుంది. రెండో వైరు వదలకుండా ఎర్త్‌కి అంటుకుపోతే, కారు స్లోలో ఉన్నప్పుడు ఇంజను తట్టుకోలేదు. ఆగిపోతుంది. వంతెన మీద జరిగింది అదే.

కారు బాగా వేడెక్కి వణకడం మొదలయ్యాక, వాల్వు కనెక్టరు ఊడదీసి, ఆ రెండో వైరు ఎర్త్ చూపిస్తోందేమో చూడండి. చూపిస్తే, చల్లారనివ్వకుండా, కంప్యూటరు దగ్గర ప్లగ్గు కూడా ఊడదీసి మళ్లీ చూడండి. అప్పటికీ ఎర్త్ చూపిస్తే తప్పు వైరుది, అంటే నాది. ఎర్త్ పోతే తప్పు కంప్యూటరు లోపల ఉంది, నాది కాదు. టెస్ట్ బల్బు పక్కన పెట్టి నా మీటరుతోనే చూడండి. చూసింది చూసినట్టు రాయండి.

ఇందులో నాకూ అవసరం ఉంది, దాచను. కాకినాడలో ఒక సర్వీస్ సెంటర్ వాళ్లు స్కానర్ పనికి నన్ను తీసుకుంటామన్నారు. వంతెన సంగతి వాళ్ల చెవిన పడింది. తప్పు నాది కాదని మీ షెడ్డు నుంచి కాగితం తెస్తేనే రమ్మన్నారు. ఆగస్టు ఇరవై దాకా గడువు. నాకు ఆ ఉద్యోగం కావాలి. నేర్చుకున్న పని ఇసుకలో పోసుకోవాలని లేదు.

వీరదుర్గ


కొవ్వూరు,
జులై 14.

దుర్గా,

నీ ఉత్తరం చేరింది. మా అయ్య కూడా నన్నిన్ని మాటలనలేదు. చదువుకున్న పిల్లవి, రాతలో పదును ఉంది. మెచ్చుకోవాలో ఏడవాలో తెలీక మడిచి జేబులో పెట్టుకున్నాను. మీ అత్త చొక్కా ఉతకబోతూ తీసి చదివింది. చదివి, తెచ్చి నా కంచం పక్కన పెట్టి పోయింది. అదే నాకు ఇంకా కష్టంగా ఉంది.

నువ్వు చెప్పినట్టే చేశాను. వాల్వు కాయిలు ఏడు ఓమ్స్ పైచిల్లర, చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా మారలేదు, అంటే వాల్వు మంచిదే. మొదటి వైరులో పన్నెండు వోల్టులు నిక్కచ్చిగా ఉన్నాయి. కారుని నిడదవోలు దాకా తోలి, తిప్పి తెచ్చి, వణుకు మొదలయ్యాక కనెక్టరు ఊడదీసి చూస్తే రెండో వైరు ఎర్త్ చూపించింది. నువ్వన్నది అక్షరాలా నిజం. నీ బుర్రకి లోటు లేదని నేనెప్పుడూ అంటూనే ఉన్నాను.

ఇక్కడ గోదావరికి ఎర్రనీళ్లు తగిలాయి. పులస కూడా వచ్చింది. మీ అత్త బెండకాయలు వేసి పులుసు పెట్టింది. నీకు తల ముక్క ఇష్టం కదా, నాకు వడ్డిస్తే తినబుద్ధి కాలేదు. షెడ్డులో ఒక్కణ్ణే. ఈ కొత్త కార్లేంటో, ఒక్కోదానికి పది కంప్యూటర్లు. మేం నేర్చుకున్న రోజుల్లో ఒక బల్బు, రెండు వైర్ముక్కలు ఉంటే లోకమంతా బాగుచేసేవాళ్లం.

ఆ కాగితం సంగతి చూద్దాం. ఆగస్టు ఇరవై ఇంకా చాలా దూరం ఉంది. చిట్టియ్య గారిని ఒక మాట అడక్కుండా రాస్తే బాగోదు. ఆయనకి అసలే ముక్కు మీద కోపం.

మీ మావయ్య


ఉప్పాడ,
జులై 24.

మావయ్యగారికి,

రెండో వైరు ఎర్త్ చూపించిందని రాసి, అక్కడ ఆపి, పులస గురించి రాశారు. కంప్యూటరు ప్లగ్గు ఊడదీశాక ఏం చూపించింది? ముప్పై ఎనిమిదేళ్ల మెకానిక్కు మీరు. చేతిలో మీటరు ఉంచుకుని సగంలో వదిలేసి ఇంటికిపోయే రకం కాదు. ఊడదీశారు, చూశారు, రాయలేదు. రాయకపోవడంతోనే నాకు జవాబు తెలిసింది. ఎర్త్ పోయింది. నా వైరు బాగానే ఉంది.

మే నెల నుంచి నేను సరిగా నిద్రపోలేదు మావయ్యా. సూర్యకళ గారి చెయ్యి నా వల్లే విరిగిందేమోనని రోజూ ఆ సోల్డర్ చేసిన క్షణం తల్చుకుంటూ ఉన్నాను. ఎక్కడ తడబడ్డానా అని వెతుక్కున్నాను. ఆ ఒక్క ముక్క రాసి ఉంటే మీకేం పోయేది?

ఇప్పుడు ఇంకో ప్రశ్న. ఏప్రిల్లో నేను స్కాన్ చేసినప్పుడు కంప్యూటరు బాగుంది. అది దానంతట అది కాలదు. ఆ రెండో వైరులోకి ఎవరో బయటినుంచి బ్యాటరీ ప్లస్ ఇచ్చి ఉండాలి. నేను వైరు పని పూర్తిచేసి, అత్తకి మోకాళ్ల మందు తేవడానికి మెడికల్ షాపుకి వెళ్లాను. గంట పట్టింది. ఆ గంటలో షెడ్డులో మీరున్నారు, బంగార్రాజు గారున్నారు. ఏం చేశారు?

వీరదుర్గ


కొవ్వూరు,
ఆగస్టు 4.

దుర్గా,

గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించినట్టుంది నీ వరస. స్పానరు ఏ చేత్తో పట్టుకోవాలో నేర్పింది నేను. ఉప్పాడలో మీ పాత ఇల్లు సముద్రంలోకి పోయిన ఏడాది, కొత్తిల్లు లేచేదాకా మిమ్మల్ని తెచ్చి నా ఇంట్లో పెట్టుకున్నది నేను. ఇవాళ నన్ను బోనులో నిలబెట్టి "ఆ గంటలో ఏం చేశారు" అని అడుగుతున్నావు. దొంగతనం చేశానా చెప్పడానికి భయపడటానికి?

విను. బంగార్రాజు గారు వచ్చి "నిజంగా బాగయిందాండి? ఆ పిల్ల చేసిందంటే నాకు ధైర్యం చాలట్లేదండి" అన్నాడు. నీ పనిని ఒకడు అలా అంటే నాకు రోషం వచ్చింది. ఇంజను స్టార్ట్ చేసి, బ్యాటరీ నుంచి ఒక వైరు లాగి, ఆయన కళ్లముందే వాల్వుకి డైరెక్ట్ ఇచ్చి చూపించాను. మనం హారన్‌కి డైరెక్ట్ ఇవ్వమా? ఫ్యాను మోటారుకి ఇవ్వమా? సెల్ఫ్‌కి ఇవ్వమా? నాకు మా గురువు నేర్పిన పని అదే, ఆయనకి వాళ్ల గురువు నేర్పింది అదే. కనెక్టరు ఊడదియ్యడం కూడా ఎందుకని, వెనకనుంచి గుండుసూది గుచ్చి తాకించాను. మొదటి వైరుకి ఏమీ అనలేదు. రెండోదానికి తాకిస్తే చిన్న నిప్పురవ్వ వచ్చి వాల్వు టక్కుమంది. ఆయన కూడా విన్నాడు. "వాల్వు బతికే ఉందండీ" అని నవ్వాడు. సంతోషంగా కారు తోలుకుపోయాడు.

చూశావా. నీ పేరు నిలబెట్టడానికే చేశాను. దాన్ని కూడా తప్పంటావా?

మావయ్య


ఉప్పాడ,
ఆగస్టు 10.

మావయ్యగారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అమ్మకి చదివి వినిపించాను.

ఇంజను నడుస్తోంది. కనెక్టరు తగిలించే ఉంది. కంప్యూటరు లోపలినుంచి ఆ రెండో వైరుని ఎర్త్ చేస్తోంది. అదే వైరుకి బయటినుంచి మీరు బ్యాటరీ ప్లస్ తాకించారు. మీరు చూసిన నిప్పురవ్వ వాల్వుది కాదు, కంప్యూటరుది. అప్పటికప్పుడు చచ్చిపోలేదు, సగం కాలింది. అందుకే చల్లగా ఉంటే పనిచేస్తుంది, వేడెక్కితే వైరుని వదలదు. హారన్‌కి డైరెక్ట్ ఇస్తే ఏమీ కాదు, హారన్ అవతల కంప్యూటరు లేదు. ఈ మాట మీకు ఆరేళ్లలో నేను ఎన్నోసార్లు చెప్పాను. "సరేలే ఇంజనీరమ్మా" అని నవ్వేవారు.

తెలియక చేశారు. తెలియక చేసినదానికి నాకు కోపం లేదు, దేవుడి తోడు. కానీ మేలో బానెట్టు ఎత్తకుండా నన్ను చూపించింది తెలియక కాదు. జులైలో ప్లగ్గు ఊడదీసి చూశాక నోరు మూసుకున్నది తెలియక కాదు.

మీరు మీ చేత్తో రాసిన ఉత్తరం నా దగ్గరుంది. దాన్నే కాకినాడ తీసుకెళ్లి బల్ల మీద పెడదామని బయల్దేరాను. అమ్మ గుమ్మంలో కూర్చుని నా కాళ్లు పట్టుకుంది. "అన్నయ్య పరువు తియ్యకే, ఆయనే రాసిస్తాడే" అంది. కన్నతల్లి చేత కాళ్లు పట్టించుకున్నాను. ఆ పాపం కూడా మీ వల్లే.

ఉత్తరం చూపించను. మీరు షెడ్డు పేరున కాగితం రాసి పంపండి. ఇరవయ్యో తారీఖు మర్చిపోకండి.

వీరదుర్గ


కొవ్వూరు,
సెప్టెంబరు 3.

అమ్మా దుర్గా,

తారీఖు దాటిపోయింది. నాకు తెలుసు.

కారు కంప్యూటరుని రాజమండ్రిలో డేనియల్ అని, బోర్డులు విప్పి బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. మూత తీసి భూతద్దంలో చూపించాడు. మెంతిగింజంత నల్ల ముక్క, ఆ రెండో వైరుని ఎర్త్ చేసి వదిలేది అదేనట, అంచు ఉబ్బి ఉంది. "ఎవరో డైరెక్ట్ ఇచ్చారండీ" అన్నాడు. "అవునండి" అన్నాను. ఎవరని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆ ముక్క మార్చి ఇచ్చాడు. ఇప్పుడు కారు ఎంత వేడెక్కినా ఆగట్లేదు. నీ వైరు కూడా విప్పి చూశాను. నేను చేస్తే అంత శుభ్రంగా రాదు.

బంగార్రాజు గారికి కంప్యూటరు కాలిందని చెప్పాను. "అంటే ఆ పిల్ల అది కూడా కాల్చేసిందన్నమాట" అన్నాడు. నేను బానెట్టు దించి చేతులు తుడుచుకున్నాను. ఇది కూడా రాయకుండా ఉండొచ్చు, కానీ నువ్వు ఎలాగూ కనిపెడతావు.

మేలో ఎందుకలా అన్నానో చెప్పమంటావా? సూర్యకళ గారు చేతికి సిమెంటు కట్టుతో కారులో కూర్చుని ఉంది. ఆయన గుప్పిట బిగించి నా మీదకి వస్తున్నాడు. చుట్టూ జనం. ఆ క్షణం నేను డైరెక్ట్ ఇచ్చిన సంగతి గుర్తు కూడా రాలేదు, అది తప్పని తెలిస్తే కదా గుర్తు రావడానికి. నోటికి మొదట వచ్చింది నీ పేరు. అన్నాక వెనక్కి తీసుకోవడం చేతకాలేదు.

నీ కాగితం కోసం నాలుగుసార్లు కూర్చున్నాను. "తప్పు మా మేనకోడలిది కాదు" దాకా రాసేవాణ్ణి. మరి ఎవరిది అని తర్వాతి వాక్యం అడిగేది. అక్కడ చెయ్యి ఆగిపోయేది. పిరికివాణ్ణని నాకు ఈ వయసులో తెలిసింది.

దసరాకి ఆయుధపూజనాడు సంఘంలో అందరూ కూడతారు. పనిముట్లకి పసుపు కుంకుమ పెట్టాక, గుమ్మడికాయ కొట్టకముందు, పెద్దవాళ్లు నాలుగు మాటలు చెప్పడం ఆనవాయితీ. ఆ పనిముట్ల ముందు నేను చెబుతాను. ఈసారి తప్పను.

మావయ్య


ఉప్పాడ,
సెప్టెంబరు 12.

మావయ్యగారికి,

ఆగస్టు ఇరవైన కాకినాడ వెళ్లాను. పోస్టు ఆలస్యమైందేమో, మీరు నేరుగా అక్కడికే పంపారేమో అనుకుని బయట బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చున్నాను. లోపలినుంచి మేనేజరు రెండుసార్లు వచ్చి చూసి వెళ్లారు. మర్నాడు వేరే అతన్ని తీసుకున్నారు. అతనికి మీటరు సరిగా పట్టుకోవడం కూడా రాదని అక్కడివాళ్లే చెప్పారు.

జనవరిలో ఇంకో మనిషి కావాలట. ఈసారి షెడ్డు కాగితం చాలదట, సంఘం తన మాట వెనక్కి తీసుకున్నట్టు రాసిస్తే చూస్తామన్నారు. అంటే అంతా ఆయుధపూజ రోజు మీద ఉంది.

మీకు మాటలెక్కువ. అందుకే మీరు చెప్పాల్సింది నేనే రాసిస్తున్నాను. "కంప్యూటరు కాలింది నేను డైరెక్ట్ ఇచ్చినందువల్ల. దుర్గ పనిలో తప్పు లేదు." ఇంతే. దీని ముందు ఏమీ కలపకండి, వెనక ఏమీ కలపకండి. చెప్పి కూర్చోండి.

వీరదుర్గ


కొవ్వూరు,
అక్టోబరు 5.

అమ్మా దుర్గా,

చెప్పాను. ముందు ఆ మాట నమ్ము. ప్రమాణం చేసి చెబుతున్నాను.

కల్యాణమండపంలో రెండు ఊళ్ల మెకానిక్లం అరవైమంది దాకా ఉన్నాం. స్పానర్లు, జాకీలు, స్కానర్లు అన్నీ బల్ల మీద పేర్చి బంతిపూలు వేశారు. బంగార్రాజు గారు కూడా ప్రతి ఏడూ వచ్చినట్టే వచ్చాడు. చిట్టియ్య గారు నన్ను లేవమన్నారు. నీ రెండు వాక్యాలూ కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాను.

నువ్వు కలపొద్దన్నావు. కలిపాను. "దుర్గ నా చెల్లెలి కూతురు, నా చేతుల్లో పెరిగిన పిల్ల, దాని బతుకు నా వల్ల పాడవకూడదు" అన్నాను. ఏడుపొచ్చింది. ఆ తర్వాత నీ రెండు వాక్యాలూ చదివాను. కంప్యూటరు కాల్చింది నేనేనని గట్టిగానే చదివాను.

చప్పట్లు మొదలయ్యాయి. నాకు అర్థం కాలేదు. బంగార్రాజు గారు వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని "ఎంత పెద్ద మనసండీ మీది. మేనకోడలి తప్పు మీ నెత్తిన వేసుకుంటున్నారు" అన్నాడు. "కాదండి, నిజంగా నేనే ఇచ్చానండి, మీ ముందే కదండి ఇచ్చింది, నిప్పురవ్వ కూడా వచ్చింది కదండి" అన్నాను. "ఎందుకండీ ఇంకా, ఆడపిల్ల పెళ్లి కావాల్సింది, మాకు తెలీదాండి" అని నా వీపు తట్టాడు. చిట్టియ్య గారు మైకు తీసుకుని "ముప్పై ఎనిమిదేళ్ల అనుభవం ఉన్న మనిషి వాల్వు టెస్టు చెయ్యడంలో పొరపాటు చేశాడంటే ఎవడైనా నమ్ముతాడాండి? డైరెక్ట్ ఇస్తే కంప్యూటరు కాలితే మన షెడ్లలో ఈపాటికి ఒక్క కంప్యూటరైనా మిగిలేదాండి?" అన్నారు. అందరూ నవ్వారు. మళ్లీ చప్పట్లు కొట్టారు.

నాకు శాలువా కప్పారు. దుర్గా, అది తీసి కిందపడెయ్యాల్సింది. ఇంటికొచ్చాక అనిపించింది. అక్కడ మాత్రం కప్పించుకుని నిలబడ్డాను. ఫోటో కూడా తీశారు. ఎన్నాళ్లుగానో వాళ్లకి నేనే నేర్పాను, తప్పు నీదని. ఒక్కరోజులో మర్చిపోమంటే ఎవరు మర్చిపోతారు?

మీ అత్త శాలువా చూసి సంగతి అడిగింది. చెప్పాను. ఆ రాత్రే బట్టలు సర్దుకుని తణుకులో వాళ్ల అక్క దగ్గరికి వెళ్లింది. ఎప్పుడొస్తుందో చెప్పలేదు.

ఒక మంచి మాట. నీ మీద పెట్టిన ఆంక్ష ఎత్తేస్తూ సంఘం కాగితం రాసింది. నీకు పోస్టులో వస్తుంది. ఇక ఏ షెడ్డులోనైనా పని చేసుకోవచ్చు. అందులో మాటలు కొంచెం అటూ ఇటూగా ఉంటాయి, పట్టించుకోకు. ఏదో ఒక దారిన పని జరిగింది కదా. జనవరికి పనికొస్తుందేమో చూడు.

మావయ్య


ఉప్పాడ,
అక్టోబరు 13.

మావయ్యగారికి,

మీ ఉత్తరం, సంఘం కాగితం ఒకే రోజు వచ్చాయి. కాగితం రిజిస్టరు పోస్టులో పంపారు. సంతకం పెట్టి తీసుకున్నాను. అమ్మ దేవుడి ముందు పెట్టి దణ్ణం పెట్టుకుని, అప్పుడు చదవమంది.

మాటలు అటూ ఇటూగా ఉంటాయన్నారు. ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. "బంగార్రాజు గారి కారు పనిలో కుమారి వీరదుర్గ చేసిన పొరపాటును, మా గౌరవాధ్యక్షులు శ్రీ త్రిమూర్తులు గారి ముఖం చూసి, ఆమె వయసును, ఆడపిల్ల అన్న సంగతిని దృష్టిలో ఉంచుకుని, సంఘం ఏకగ్రీవంగా క్షమించడమైనది. ఇకముందు ఆమె పెద్దల పర్యవేక్షణలో మాత్రమే పని చేయవలెను. వైరింగు, కంప్యూటరు పనులు ముట్టుకోరాదు."

చదివి ముగించేసరికి అమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది.

ఇది పట్టుకుని కాకినాడ వెళ్లలేను. మే నెలలో తప్పు చేశానని వాళ్లు అనుకున్నారంతే, ఇప్పుడు చేశానని రాసిచ్చారు. మీ పాత ఉత్తరాలు తీసుకెళ్లి చూపించినా లాభం లేదు. ఎంత మంచి మావయ్యో, పిల్ల కోసం ఉత్తరాలు కూడా రాసిచ్చాడు అంటారు. ఆగస్టులో అమ్మ మాట వినకుండా గుమ్మం దాటి ఉండాల్సింది. నాకు బుద్ధి లేకపోయింది.

అక్కడ మీరు లేచి చెప్పారని నమ్ముతున్నాను. ఏడ్చారని కూడా నమ్ముతున్నాను. వాళ్లు మీ మాట వినలేదు, మీరేం చేస్తారులే అని నిన్న సాయంత్రం దాకా నాకు నేను చెప్పుకున్నాను. తర్వాత కాగితం రెండో వైపు తిప్పి చూశాను.

నన్ను క్షమిస్తున్నట్టు పదకొండుమంది సంతకాలు పెట్టారు. అందులో మొదటిది మీది.

వీరదుర్గ